అమెరికా సాకర్‌లో ఆల్‌టైమ్ గ్రేట్ ఎవరు, తర్వాతి తరం ఎక్కణ్ణుంచి వస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రుళ్ళు మేలుకుని యూరప్ మ్యాచ్‌లు చూసే హైదరాబాద్, వైజాగ్ కుర్రాళ్ళు అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల్ని వారానికి మూడు రోజులు ప్రాక్టీసుకి తిప్పే మన తల్లిదండ్రుల ప్రశ్నలు ఇంకొన్ని. పైకి వేరుగా కనిపిస్తాయి కానీ ఒకదాంట్లోంచి ఇంకోటి పుట్టేవే. గొప్ప ఆటగాడు ఎవరని వాదించుకున్నప్పుడల్లా, ఆ మనిషి ఏ దారిలో పైకొచ్చాడు, ఆ దారి ఇవాళ్టి పిల్లలకి తెరిచే ఉందా అని కూడా అడగాలి. అందుకే అన్నీ ఒక్కచోట పెట్టాను.

మగవాళ్ళ జట్టులో అందరికంటే గొప్ప ఆటగాడు ఎవరు?

వాదన ఎప్పుడూ ముగ్గురి చుట్టూనే తిరుగుతుంది: లాండన్ డోనోవన్, క్లింట్ డెంప్సీ, క్రిస్టియన్ పులిసిక్.

డోనోవన్, డెంప్సీ ఇద్దరూ దేశం తరఫున సరిగ్గా 57 గోల్స్ చొప్పున కొట్టారు. డోనోవన్‌కి అందుకు 157 మ్యాచ్‌లు పట్టాయి, డెంప్సీకి 141. అయితే డోనోవన్ 58 గోల్స్ పక్కవాళ్ళతో కొట్టించాడు కూడా. వరల్డ్ కప్‌లలో ఆయనవి 5 గోల్స్, డెంప్సీవి 4. డెంప్సీ మాత్రం 2006, 2010, 2014 మూడింటిలోనూ గోల్ చేశాడు. 2014లో ఘనా మీద ఆట మొదలైన అర నిమిషానికే కొట్టేశాడు.

అంకెలు ఎటూ తేల్చవు కాబట్టి, ఇద్దరూ కనిపించే ఒక్క గోల్ చూద్దాం. 2010 జూన్ 23, దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా. అల్జీరియాతో స్కోరు 0-0. 90 నిమిషాలు దాటిపోయాయి, గెలవకపోతే అమెరికా ఇంటికే. గోల్ కీపర్ టిమ్ హోవర్డ్ బంతి పట్టుకున్న మరుక్షణం చేత్తో దూరంగా కుడివైపుకి విసిరాడు. డోనోవన్ అందుకుని పరిగెత్తి, తోటి ఫార్వర్డ్ ఆల్టిడోర్‌కి ఇచ్చాడు, ఆల్టిడోర్ మధ్యలోకి తోశాడు, డెంప్సీ తన్నాడు, కీపర్‌కి తగిలి బంతి బయటికొచ్చింది. వెనక నుంచి ఆగకుండా పరిగెత్తుకొచ్చిన డోనోవన్ దాన్ని లోపలికి నెట్టాడు. ఎవరో కొట్టాక బంతి ఎక్కడ పడుతుందో ముందే లెక్కేసి అక్కడికి చేరుకోవడం డోనోవన్ ఆట. ఇరుకులో, డిఫెండర్లు మీద పడుతున్నా గోల్ మీదికే తన్నడం డెంప్సీ ఆట.

నా ఓటు డెంప్సీకే. డోనోవన్ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎం.ఎల్.ఎస్. (మేజర్ లీగ్ సాకర్) కప్ ఆరుసార్లు గెలిచాడు, ఆ లీగ్ ఇచ్చే ఉత్తమ ఆటగాడి అవార్డుకి ఆయన పేరే పెట్టారు. కానీ ఐరోపాలో అంతకాలం నిలబడలేదు. డెంప్సీ మాత్రం ఇంగ్లండ్‌లో ఫుల్హమ్ లాంటి మధ్యతరహా క్లబ్‌లో ఉంటూనే 2011-12లో ప్రీమియర్ లీగ్‌లో 17 గోల్స్ చేశాడు. 2010 మార్చిలో యువెంటస్ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగి, బాక్స్ అంచు నుంచి కీపర్ తల మీదుగా తేల్చి వేసిన గోల్ ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఇటలీలో మొదటి మ్యాచ్ 3-1తో ఓడి వచ్చిన ఫుల్హమ్ ఆ రాత్రి 4-1తో గెలిచింది, ఆఖరికి యూరోపా లీగ్ ఫైనల్ దాకా వెళ్ళింది.

డెంప్సీ వైపు మొగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది డబ్బు కట్టి ఆడే పద్ధతి గురించి చెప్పేటప్పుడు చెబుతాను.

పులిసిక్ వీళ్ళిద్దర్నీ ఎప్పుడో దాటేశాడు కదా?

క్లబ్ స్థాయిలో దాటాడు, అందులో వాదనే లేదు. పెన్సిల్వేనియాలోని హెర్షీ నుంచి పదహారేళ్ళకే జర్మనీ క్లబ్ బొరూసియా డార్ట్‌మండ్‌కి వెళ్ళాడు, 17 ఏళ్ళకి అక్కడి పెద్ద లీగ్ బుండెస్‌లీగాలో దిగాడు. 2019లో చెల్సీ అతని కోసం 6.4 కోట్ల యూరోలు పెట్టింది. 2021లో చాంపియన్స్ లీగ్ గెలిచిన జట్టులో ఉన్నాడు, ఆ ఫైనల్లో ఆడిన తొలి అమెరికన్ మగ ఆటగాడు అతనే. ఆ తర్వాత ఏసీ మిలాన్‌కి వెళ్ళిన మొదటి సీజన్‌లోనే ఇటలీ లీగ్‌లో 12 గోల్స్ కొట్టాడు.

జాతీయ జట్టు లెక్క వేరు. 2017 అక్టోబర్‌లో ట్రినిడాడ్‌లోని కూవాలో అమెరికా 2-1తో ఓడి 2018 వరల్డ్ కప్‌కి దూరమైంది. ఆ రోజు అమెరికాకి ఉన్న ఒక్క గోల్ 19 ఏళ్ళ పులిసిక్‌దే. మిగతా జట్టు భారం ఆ వయసులో అతని మీద వేశారు, అది అన్యాయం. 2022లో ఇరాన్ మీద కీపర్‌ని గుద్దుకుంటానని తెలిసి కూడా వెళ్ళి గోల్ చేసి, దెబ్బ తగిలి ఆసుపత్రికి వెళ్ళాడు. అలాంటి క్షణాలు వరల్డ్ కప్ నాకౌట్‌లలో ఇంకో రెండు మూడు పడితే అతనే నంబర్ వన్ అని నేనూ ఒప్పుకుంటాను.

గోల్ కీపర్లని ఈ వాదనలో ఎందుకు వదిలేస్తారు?

వదిలేయకూడదు. అమెరికా మగవాళ్ళ సాకర్ ఐరోపాలో మొదట గౌరవం సంపాదించింది గోల్ కీపర్ల వల్లే. బ్రాడ్ ఫ్రీడెల్ ప్రీమియర్ లీగ్‌లో వరుసగా 310 మ్యాచ్‌లు ఒక్కటీ వదలకుండా ఆడాడు. 2002 వరల్డ్ కప్‌లో రెండు పెనాల్టీలు ఆపాడు. 2014లో బెల్జియం మీద టిమ్ హోవర్డ్ ఆట గురించి అందరికీ తెలుసు, ఆ రోజు లెక్కల్లో 16 సేవ్‌లు. బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ ఆడుతూ పెరిగిన పిల్లలకి చేతులు, కాళ్ళ సమన్వయం అలవాటవుతుందని, అందుకే మంచి కీపర్లు వచ్చారని చాలామంది చెప్పే మాట. నాకూ సబబుగానే తోస్తుంది.

పాతతరం వాళ్ళ సంగతి?

మొట్టమొదటి వరల్డ్ కప్‌లో, 1930లో, అమెరికా సెమీఫైనల్ చేరిందంటే చాలామంది నమ్మరు. వరల్డ్ కప్ చరిత్రలో తొలి హ్యాట్రిక్ బర్ట్ పాటెనాడ్‌ది. పరాగ్వే మీద చేసిన ఆ మూడు గోల్స్‌ని ఫిఫా 2006లో గానీ అధికారికంగా గుర్తించలేదు.

1950లో బ్రెజిల్‌లోని బెలో హొరిజాంటేలో ఇంగ్లండ్‌ని 1-0తో ఓడించిన గోల్ జో గేట్జెన్స్ తలతో వేసింది. ఆయన హైతీ మనిషి. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో అకౌంటింగ్ చదువుకుంటూ, ఒక రెస్టారెంట్లో గిన్నెలు కడుగుతూ ఆడాడు. తర్వాత సొంత దేశానికి వెళ్ళిపోయాడు. 1964లో అక్కడి నియంత డువాలియే మనుషులు పట్టుకెళ్ళారు, మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. ఆయన్ని అత్యుత్తముల జాబితాలో పెట్టలేం, కానీ వలస వచ్చిన ఒక కుర్రాడు ఈ దేశానికి ఇచ్చిన ఆ గెలుపుని మర్చిపోతే ఈ చర్చకే అర్థం లేదు.

మగ, ఆడ అని విడదీయకుండా చెబితే ఎవరు?

మిషెల్ ఏకర్స్. నాకు ఇందులో సందేహం లేదు.

అమెరికా ఆడవాళ్ళ జట్టు పుట్టిందే 1985లో, ఇటలీలో ఒక చిన్న టోర్నమెంట్ కోసం. మగవాళ్ళ పాత జెర్సీలని కుట్టి సరిచేసి తొడుక్కుని, రోజుకు 10 డాలర్ల బత్తాతో ఆడారు. ఆ జట్టు చరిత్రలో మొదటి గోల్ ఏకర్స్‌ది, డెన్మార్క్ మీద. ఆరేళ్ళు తిరిగేసరికి చైనాలో జరిగిన మొదటి మహిళల వరల్డ్ కప్‌లో 10 గోల్స్ చేసింది. ఒక్క మ్యాచ్‌లోనే ఐదు కొట్టింది. నార్వేతో ఫైనల్ 2-1తో గెలిస్తే ఆ రెండూ ఆవిడవే.

ఆ తర్వాత జబ్బు చేసింది. ఎంత విశ్రాంతి తీసుకున్నా తగ్గని అలసట, దీర్ఘకాలిక వ్యాధి. ఇంకొకరైతే ఆట వదిలేసేవారు. ఆవిడ ఫార్వర్డ్ స్థానం వదిలి, వెనక్కి జరిగి, మిడ్‌ఫీల్డ్‌లో డిఫెన్స్‌కి కాపు కాసే పనికి మారింది. 1999 వరల్డ్ కప్ ఫైనల్, కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్, 90,185 మంది ప్రేక్షకులు, మండే ఎండ. చైనాని తొంభై నిమిషాలు గోల్ చేయనివ్వకుండా నిలువరించిన వాళ్ళలో ఆవిడ ముందుంటుంది. చివర్లో సొంత కీపర్‌తో ఢీకొని పడిపోయింది, ఎక్స్‌ట్రా టైమ్ ఆడలేకపోయింది. అందరికీ గుర్తున్నది చివరి పెనాల్టీ కొట్టిన బ్రాండీ చాస్టెయిన్ బొమ్మ. ఆ మ్యాచ్ పెనాల్టీల దాకా వచ్చిందే ఏకర్స్ వల్ల.

ఫార్వర్డ్‌గా ప్రపంచంలో నంబర్ వన్, తర్వాత డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌గానూ అంతే స్థాయి. ఇలా రెండు పాత్రల్లో శిఖరం చూసిన అమెరికన్ ఇంకొకరు నాకు కనిపించలేదు. 20వ శతాబ్దపు ఉత్తమ క్రీడాకారిణిగా ఫిఫా ఆవిడనీ చైనా ఆటగత్తె సున్ వెన్‌నీ కలిపి ఎంపిక చేసింది.

మరి మియా హామ్, వాంబాక్, లాయిడ్, రాపినో?

ఆటని ఇంటింటికీ తీసుకెళ్ళింది మియా హామ్. పదిహేనేళ్ళకే జాతీయ జట్టులో అడుగుపెట్టి 158 గోల్స్ చేసింది, రెండు వరల్డ్ కప్‌లు గెలిచింది. ఆబీ వాంబాక్ 184 గోల్స్‌తో ఆవిడ రికార్డుని దాటింది. వాంబాక్ పేరు వింటే 2011 క్వార్టర్ ఫైనల్లో బ్రెజిల్ మీద 122వ నిమిషంలో తలతో చేసిన గోల్ గుర్తొస్తుంది. అంత దూరం నుంచి ఆ బంతిని సరిగ్గా ఆవిడ తలకి అందించింది మేగన్ రాపినో. కార్లీ లాయిడ్ 2015 ఫైనల్లో జపాన్ మీద 16 నిమిషాల్లో హ్యాట్రిక్ చేసింది, మూడోది మైదానం మధ్య గీత దగ్గర్నుంచి. ఒక్క మ్యాచ్ ఆట మీద ఓటు వేయమంటే లాయిడ్‌కే వేస్తాను.

ఆడవాళ్ళు నాలుగు వరల్డ్ కప్‌లు గెలిచారు, మగవాళ్ళు ఒక్కటీ లేదు. ఎందుకంత తేడా?

1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం పెద్ద కారణం. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ తేడా చూపకూడదని చట్టం. కాలేజీల్లో అమెరికన్ ఫుట్‌బాల్‌కి పదుల కొద్దీ మగ పిల్లల స్కాలర్‌షిప్‌లు పోతాయి. దానికి సాటిగా ఆడపిల్లలకి ఏదో ఒక పెద్ద జట్టు పెట్టాలి. సాకర్‌కి సామాన్లు తక్కువ, జట్టు పెద్దది. అలా కాలేజీలన్నీ అమ్మాయిల సాకర్ మొదలుపెట్టాయి. చాలా దేశాల్లో అప్పటిదాకా ఆడపిల్లల్ని గ్రౌండ్‌లోకే రానిచ్చేవారు కాదు, ఇంగ్లండ్‌లోనైతే 1921 నుంచి దాదాపు యాభై ఏళ్ళు నిషేధమే ఉంది. ఏకర్స్, హామ్ తరం ఆ ఖాళీలో ఎదిగింది.

ఇప్పుడు స్పెయిన్, ఇంగ్లండ్ క్లబ్‌లు డబ్బు పెడుతున్నాయి, ఆ ఆధిక్యం కరిగిపోయింది. 2023 వరల్డ్ కప్‌లో అమెరికా ప్రీక్వార్టర్స్‌లోనే ఇంటికొచ్చింది. మరుసటి ఏడాది ఎమ్మా హేస్ కోచ్‌గా వచ్చి పారిస్ ఒలింపిక్ స్వర్ణం తెచ్చిపెట్టింది. అయినా పాత ధీమాతో కూర్చుంటే కుదరదు.

33 కోట్ల జనాభా, ఇంత డబ్బు. మెస్సీ లాంటివాడు ఒక్కడూ ఎందుకు రాలేదు?

"మంచి అథ్లెట్లందరూ బాస్కెట్‌బాల్‌కి పోతారు" అన్న జవాబు వినీ వినీ విసుగొచ్చింది. ఆరున్నర అడుగుల మనిషి ఈ ఆటకి అక్కర్లేదు. మెస్సీ ఎత్తు 170 సెంటీమీటర్లు. ఆ ఎత్తు పిల్లలు ఈ దేశంలో లక్షల్లో ఉన్నారు. వాళ్ళు ఏ వయసులో బంతి ముట్టుకుంటున్నారు, రోజుకి ఎంతసేపు ముట్టుకుంటున్నారు, ఎవరు నేర్పుతున్నారు, అందుకు ఎంత కట్టాలి అన్నవే అసలు విషయాలు.

డబ్బు కట్టి ఆడే పద్ధతి అంటారు, అదేంటి?

ఐరోపాలో, దక్షిణ అమెరికాలో పెద్ద క్లబ్ పిల్లాణ్ణి తీసుకుంటే ఖర్చు క్లబ్‌దే. ఆ కుర్రాడు ఎదిగాక అమ్ముకుంటే పెట్టింది తిరిగొస్తుంది. ఫిఫా నిబంధనల ప్రకారం ఆటగాడు అంతర్జాతీయంగా అమ్ముడైనప్పుడు ఆ మొత్తంలో 5 శాతం, 12 నుంచి 23 ఏళ్ళ వయసులో అతనికి ఆట నేర్పిన క్లబ్‌లు పంచుకోవాలి. అమెరికాలో చాలా ఏళ్ళు ఇది అమలు కాలేదు. ఎం.ఎల్.ఎస్. క్లబ్‌లు 2019లో గానీ అడగడం మొదలుపెట్టలేదు. మరి వీధి చివర ఉన్న పిల్లల క్లబ్‌కి ఆదాయం ఎక్కణ్ణుంచి వస్తుంది? తల్లిదండ్రుల జేబులోంచి. సీజన్ ఫీజు, యూనిఫాం, టోర్నమెంట్ ఫీజు, వేరే రాష్ట్రాలకి ప్రయాణం, హోటల్. మంచి స్థాయి ట్రావెల్ టీమ్ అంటే ఏడాదికి వేల డాలర్లు.

ఇప్పుడు డెంప్సీ కథ. తూర్పు టెక్సస్‌లోని నాకడోచెస్ అనే చిన్న ఊరు, ఐదుగురు పిల్లల ఇల్లు, ట్రైలర్‌లో కాపురం. మెక్సికో నుంచి వలసొచ్చిన పెద్దవాళ్ళతో మట్టి మైదానాల్లో ఆడుతూ నేర్చుకున్నాడు. అన్నయ్య డాలస్‌లో ఒక క్లబ్ ట్రయల్స్‌కి వెళ్తే, పక్కన నిలబడి బంతిని కింద పడకుండా ఆడిస్తున్న తమ్ముణ్ణి చూసి కోచ్‌లు తీసుకున్నారు. ప్రాక్టీసుకి పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. అక్క జెన్నిఫర్ టెన్నిస్‌లో పైకొస్తోంది, ఇద్దరి ఖర్చూ భరించలేక క్లింట్ ఆట మాన్పించారు. తోటి పిల్లల తల్లిదండ్రులు ఖర్చులు, ప్రయాణాలు తాము చూసుకుంటామని ముందుకు రాబట్టి మళ్ళీ చేరాడు. 1995లో జెన్నిఫర్ మెదడులో రక్తనాళం చిట్లి పదహారేళ్ళకే పోయింది.

ఆ తల్లిదండ్రులు లేకపోతే 57 గోల్స్ లేవు. ఒక దేశం తన అత్యుత్తమ ఆటగాడి కోసం పక్కింటివాళ్ళ మంచితనం మీద ఆధారపడిందంటే, అలాంటి పక్కింటివాళ్ళు లేని ఊళ్ళలో ఎంతమంది ఆగిపోయారో ఊహించుకోండి. ఇది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

అకాడమీలు వచ్చాక మారలేదా?

మారింది, కొంత. 1999లో ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో అండర్-17 పిల్లలకి హాస్టల్ పెట్టి శిక్షణ ఇచ్చారు. డోనోవన్ మొదటి బ్యాచే. కానీ ఇంత పెద్ద దేశానికి ఒక్క హాస్టల్ ఏ మూలకి? 2007లో అమెరికా సాకర్ ఫెడరేషన్ దేశమంతా డెవలప్‌మెంట్ అకాడమీ లీగ్ పెట్టింది, 2020లో మూసేసింది. ఆ స్థానంలో ఎం.ఎల్.ఎస్. నడిపే కుర్రాళ్ళ లీగ్, ఎం.ఎల్.ఎస్. నెక్స్ట్, వచ్చింది. ఎం.ఎల్.ఎస్. క్లబ్‌ల సొంత అకాడమీల్లో చాలావరకు ఫీజు లేదు, అదే అసలైన మార్పు.

ఫలితం కళ్ళ ముందుంది. జాతీయ జట్టుకి ఆడిన వెస్టన్ మెకెన్నీ, క్రిస్ రిచర్డ్స్, రికార్డో పెపి ముగ్గురూ ఎఫ్.సి. డాలస్ నుంచే వచ్చారు. పెపి సరిహద్దు దగ్గరి ఎల్ పాసో వైపు కుర్రాడు. ఫిలడెల్ఫియా యూనియన్ అకాడమీకి సొంత స్కూలే ఉంది. ప్రాక్టీసు వేళలకి తగ్గట్టు క్లాసులు పెడతారు. బ్రెండెన్ ఆరన్‌సన్ అక్కణ్ణుంచి వచ్చినవాడే.

అయితే క్లబ్‌కి దూరంగా ఉన్న ఊళ్ళకి, తల్లిదండ్రులిద్దరూ షిఫ్టుల్లో పనిచేసే ఇళ్ళకి ఈ అకాడమీ ఉన్నా లేనట్టే. దింపేవాళ్ళు లేకపోతే ఫీజు లేకపోయినా ఉపయోగం లేదు.

ఫ్రెడ్డీ అడు లాగా చిన్నప్పుడే ఎత్తేసి పాడుచేస్తారేమో?

అడు 2004లో 14 ఏళ్ళకి డి.సి. యునైటెడ్ తరఫున దిగాడు. ఒక్క లీగ్ గుర్తింపు మొత్తాన్ని ఆ వయసు పిల్లాడి భుజాల మీద పెట్టారు. అతని తర్వాతి కెరీర్ ఊరూరా క్లబ్‌లు మారడంతో గడిచింది. తప్పు కుర్రాడిది అనడం నాకు నచ్చదు. 2024 జూలైలో ఫిలడెల్ఫియాకి చెందిన కావన్ సలివన్ 14 ఏళ్ళ 293 రోజుల వయసులో ఆడి, ఎం.ఎల్.ఎస్.లో అందరికంటే చిన్న వయసులో దిగిన అడు రికార్డుని దాటాడు. ఈసారి తేడా ఉంది. అతన్ని ఆటలో కొద్ది కొద్ది నిమిషాలే దించారు, రెండో జట్టులో ఆడనిచ్చారు.

యూరప్‌కి ఏ వయసులో వెళ్ళాలి?

పద్దెనిమిది నిండని ఆటగాణ్ణి వేరే దేశానికి బదిలీ చేయడం ఫిఫా నిబంధనలు ఒప్పుకోవు, కొన్ని మినహాయింపులు తప్ప. యూరోపియన్ యూనియన్ పాస్‌పోర్టు ఉంటే అక్కడ 16కే కుదురుతుంది. పులిసిక్ తాతగారు క్రొయేషియా మనిషి, ఆ పాస్‌పోర్టుతోనే అతను రెండేళ్ళు ముందు వెళ్ళగలిగాడు. మన పిల్లల్లో ఎక్కువమందికి ఆ దారి లేదు. ఎవరైనా ఏజెంటు పదిహేనేళ్ళ పిల్లాడికి స్పెయిన్‌లో కాంట్రాక్టు ఇప్పిస్తానని డబ్బు అడిగితే, ఈ నిబంధన గుర్తుపెట్టుకుని దణ్ణం పెట్టి పంపేయండి.

మేం ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబుకి ఎనిమిదేళ్ళు. ఏ క్లబ్‌లో వేయాలి?

ఈ ప్రశ్న మన తెలుగువాళ్ళ నుంచే ఎక్కువ వస్తుంది. ఎఫ్.సి. డాలస్ స్టేడియం, నేషనల్ సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్ రెండూ మీ ఊళ్ళోనే ఉన్నాయి. ముందు బాబుని తీసుకెళ్ళి ఒక మ్యాచ్ చూపించండి.

క్లబ్ పేరు కంటే ప్రాక్టీసు చూడండి. గంటలో మీవాడి కాలికి బంతి ఎన్నిసార్లు తగిలింది? వరసలో నిలబడి వంతు కోసం ఎదురుచూస్తున్నాడా, ముగ్గురు నలుగురితో చిన్న ఆటలు ఆడుతున్నాడా? ఎనిమిదేళ్ళ లోపు జట్టుకి నలుగురు, పదేళ్ళ లోపు జట్టుకి ఏడుగురు ఆడాలని ఫెడరేషన్ పద్ధతి పెట్టిందే బంతి ఎక్కువసార్లు తగలాలని. పదేళ్ళలోపు తలతో ఆడటం కూడా వద్దన్నారు. ఈ వయసులో స్కోర్ల గురించే మాట్లాడే కోచ్ దగ్గర ఉండకండి. శనివారం గ్రౌండ్ పక్కన కుర్చీ వేసుకుని "షూట్, షూట్" అని మనం అరిచే అరుపులు కూడా తగ్గించాలి. బంతి ఎవరికివ్వాలో పిల్లాడు తనంతట తాను చూసుకోవడం నేర్చుకునే వయసది.

పుట్టిన నెల లెక్క కూడా చూసుకోండి. ఒకే వయసు గుంపులో పదకొండు నెలల తేడా ఉన్న పిల్లలు ఉంటారు. పెద్దవాడు బలంగా ఉంటాడు, ఎంపికవుతాడు. చిన్నవాడికి ప్రతిభ లేదని అప్పుడే తేల్చేయకూడదు.

కాలేజీ దారి ఇంకా పనికొస్తుందా?

అమ్మాయిలకి బాగా పనికొస్తుంది, కానీ అది ఒక్కటే దారి కాదిప్పుడు. ట్రినిటీ రాడ్‌మన్ కాలేజీలో ఒక్క మ్యాచ్ ఆడకుండానే వాషింగ్టన్ స్పిరిట్ క్లబ్‌లో చేరి జాతీయ జట్టుకి వెళ్ళింది. కాలేజీ ఆటగత్తెల్ని క్లబ్‌లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌ని కూడా మహిళల లీగ్ 2024లో ఎత్తేసింది. అబ్బాయిల్లో ప్రొఫెషనల్ కావాలనుకునేవాళ్ళు ఇప్పుడు అకాడమీల ద్వారానే ముందు వెళ్తున్నారు. డెంప్సీ మాత్రం ఫర్మన్ యూనివర్సిటీలో మూడేళ్ళు ఆడాకే వచ్చాడు. ఆలస్యంగా ఎదిగేవాళ్ళకి ఆ తలుపు తెరిచి ఉండటం ఈ దేశానికున్న మేలు.

హైదరాబాద్‌కి దీంతో ఏమైనా సంబంధం ఉందా?

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా అమెరికాని 9-1తో చిత్తు చేసింది. అదే జట్టు సెమీఫైనల్లో భారత్‌ని 4-1తో ఓడించింది. మన కోచ్ హైదరాబాద్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ జట్టులో సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం లాంటి కుర్రాళ్ళు ఉన్నారు. రహీం సాబ్ హైదరాబాద్‌లో పిల్లలకి డ్రిబ్లింగ్ లేకుండా పాస్‌లతోనే ఆడే పోటీలు పెట్టేవారు, అలవాటు లేని కాలితో తన్నడం నేర్పేవారు. ఇవాళ అమెరికాలో కోచ్‌లకి బోధిస్తున్నవి దాదాపు ఇవే. అప్పట్లో అమెరికా కంటే ముందున్నాం.

రాబోయేవాళ్ళలో ఎవరిని గమనించాలి?

అబ్బాయిల్లో సలివన్. అతనికి 18 నిండాక మాంచెస్టర్ సిటీకి వెళ్ళేలా ముందే ఒప్పందం కుదిరింది. అమ్మాయిల్లో లిలీ యోహానెస్. వర్జీనియాలో పుట్టి, నెదర్లాండ్స్‌లో పెరిగి, అక్కడి క్లబ్ అయాక్స్‌లో ఆట నేర్చుకుంది. పదహారేళ్ళకి అమెరికా జెర్సీలో దిగిన మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మీద గోల్ చేసింది. డచ్ జట్టు కూడా పిలుస్తున్నా 2024లో అమెరికాని ఎంచుకుంది. మిడ్‌ఫీల్డ్‌లో బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి రెండుసార్లు చూసుకుంటుంది. మ్యాచ్ పెట్టినప్పుడు ఒక పది నిమిషాలు బంతిని వదిలేసి ఆవిడ తల కదలికే చూడండి.